డోనట్ బీమ్ మధ్యలో ఆ చీకటి చుక్క

వోర్టెక్స్ బీమ్, అంటే మెలితిరుగుతూ పోయే లేజర్ కాంతి, దాని ఫొటో ఎక్కడ పెట్టినా అందరి కళ్లూ ఆ వెలుగు రింగు మీదకే పోతాయి, చూడ్డానికి గుండ్రంగా బాగుంటుంది కదా, డోనట్ బీమ్ అన్న పేరు కూడా దాన్ని చూసి వచ్చిందే. నాకు మాత్రం ఈ సబ్జెక్ట్ మీద ఇన్నేళ్లయినా ఇష్టం తగ్గకపోవడానికి కారణం మధ్యలో ఉన్న ఆ చీకటి చుక్క. అది లైట్ పడని చోటు కాదండీ, లైట్ నాలుగు వైపుల నుంచీ వచ్చి ఒకదాన్నొకటి పూర్తిగా కొట్టేసుకున్న చోటు. ఈ రెండిటికీ తేడా ఏంటో ఒకసారి అర్థమైతే ఆ రింగు మీద ఆసక్తి దానంతటదే తగ్గిపోతుంది.

లెన్స్ మీద దుమ్ము రేణువు ఉన్నా బీమ్ మధ్యలో నల్ల మచ్చ కనిపిస్తుంది. కెమెరాకి ఆ మచ్చా ఈ చుక్కా ఒకటే. తేడా తెలియాలంటే ఫేజ్ చూడాలి. అల అన్నాక ప్రతి చోటా రెండు సంగతులు చెప్పాలి, ఎంత బలంగా ఊగుతోంది, ఆ ఊగడంలో ఇప్పుడు ఏ దశలో ఉంది. మొదటిది యాంప్లిట్యూడ్, రెండోది ఫేజ్, ఫేజ్‌ని 0 నుంచి 360 డిగ్రీల కోణంగా రాస్తాం. దుమ్ము మచ్చ చుట్టూ ఒక రౌండు తిరిగొస్తే ఫేజ్ కాస్త పెరిగి, కాస్త తగ్గి, మొత్తానికి ఎక్కడ మొదలైందో అక్కడికే వస్తుంది. వోర్టెక్స్ చుట్టూ తిరిగితే మాత్రం అది పెరుగుతూనే పోయి సరిగ్గా 360 డిగ్రీలు పూర్తి చేసుకుని వస్తుంది. అలాంటప్పుడు మధ్య పాయింట్‌లో ఫేజ్ ఎంత ఉండాలి? 10 అనలేం, 200 అనలేం, చుట్టూ ఉన్న విలువలన్నీ అక్కడికొచ్చి కలుస్తున్నాయి కదా. ఇక మిగిలిన దారి ఒక్కటే, అక్కడ యాంప్లిట్యూడ్ సున్నా అయిపోవడం. చీకటి అలా తప్పనిసరై వచ్చింది. దీన్నే ఫేజ్ సింగ్యులారిటీ అంటారు.

ఇంకో సంగతి, ఆ తిరుగుడు పూర్తి అంకెల్లోనే ఉంటుంది. ఒక రౌండు, రెండు రౌండ్లు, ఎదురు దిశలో ఒక రౌండు, ఇలా. 0.9 రౌండు ఉండదు. అందుకే బీమ్‌ని కొంచెం కదిపినా, లెన్స్ కొంచెం వంకరగా పెట్టినా ఆ సున్నా పోదు, పక్కకి జరుగుతుంది అంతే. అది పోవాలంటే ఎదురు దిశలో తిరిగే ఇంకో సున్నా వచ్చి దీంతో కలవాలి, అప్పుడు రెండూ ఒకేసారి మాయమవుతాయి. ఈ రౌండ్ల అంకెనే చార్జ్ అంటారు. చార్జ్ 3 ఉన్న వోర్టెక్స్ చేసి కొంచెం డిస్టర్బ్ చేయండి, మూడు విడి చుక్కలుగా చీలిపోతుంది, ఒక్కో దానికి 1 చొప్పున. ముక్కలైనా మొత్తం మాత్రం 3 దగ్గరే ఉంటుంది. నాకు ఈ సబ్జెక్ట్‌లో అన్నిటికన్నా నచ్చేది ఈ లెక్క ఇలా నిలబడిపోవడమే.

ఇదంతా లేజర్లు వచ్చాక పుట్టిన ఐడియా అనుకుంటారు గానీ మొదట దొరికింది సముద్రంలో. 1830ల్లో కేంబ్రిడ్జ్‌లో విలియం హ్యూయెల్ అనే ఆయన ఆటుపోట్ల లెక్కలు పోగేసేవాడు, ఏ తీరంలో పోటు ఎన్ని గంటలకి వస్తుందో చూసి, ఒకే టైమ్‌కి పోటు వచ్చే చోట్లని గీతలతో కలిపేవాడు. ఆ గీతలంటే సరిగ్గా ఈక్వల్ ఫేజ్ లైన్లే. నార్త్ సీ దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లండ్ తూర్పు తీరం లెక్కలు, ఎదురుగా హాలండ్ వైపు లెక్కలు కలవాలంటే గీతలన్నీ సముద్రం మధ్యలో ఒక చోట కలవక తప్పదని తేలింది. అంటే అక్కడ పోటు ఏ టైమ్‌కి అన్న ప్రశ్నకి జవాబు లేదు, కాబట్టి అక్కడ నీళ్లు దాదాపు పైకీ కిందకీ కదలకూడదు. 1836లో ఆ మాట చెప్పాడు. 1840లో కెప్టెన్ విలియం హ్యూవెట్ అనే నేవీ సర్వేయర్ హెచ్‌ఎమ్‌ఎస్ ఫెయిరీ అనే ఓడ మీద ఆ చోటికి వెళ్లి లోతు కొలిస్తే నిజంగానే ఆటుపోట్ల తేడా దాదాపు లేదు. ఆ ఏడాది నవంబర్‌లోనే ఆ ఓడ తుఫానులో మునిగిపోయింది, హ్యూవెట్‌తో సహా అందరూ పోయారు. తీరం మీద కూర్చుని గీతలు గీసుకుని సముద్రం మధ్యలో ఉన్న సున్నాని కనిపెట్టడం, దాన్ని వెతుక్కుంటూ ఇంకొకరు ఓడ వేసుకుని వెళ్లడం, ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ తర్వాత చాలా కాలానికి 1974లో బ్రిస్టల్‌లో జాన్ నై, మైకేల్ బెర్రీ ఇద్దరూ కలిసి ఇది ఏ అలకైనా మామూలుగా ఉండే లక్షణమేనని చూపించారు. నై అసలు హిమానీనదాల మీద పనిచేసేవాడు, మంచు పొర మందం కొలవడానికి రేడియో పల్స్ పంపి కింద నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని వింటారు కదా, గరుకు నేల మీద నుంచి తిరిగొచ్చే ఆ అలల్లో ఏం జరుగుతోందో తెలుసుకోడానికి వాళ్లు అల్ట్రాసౌండ్‌తో మోడల్ చేశారు, చూస్తే అలల వరసల్లో స్ఫటికాల్లో ఉండే డిస్‌లొకేషన్ లాంటి లోపాలు కనిపించాయి. ఒక చోట రెండు అల శిఖరాల మధ్యలోకి కొత్తది వచ్చి చేరుతుంది, ఇంకో చోట అల మొత్తం స్క్రూ లాగా మెలితిరుగుతుంది. స్ఫటికాల సబ్జెక్ట్ కూడా నైకి బాగా తెలుసు కాబట్టే ఆ పోలిక ఆయన కంట్లో పడిందని నా నమ్మకం.

మామూలు లక్షణం అని ఎందుకంటున్నానంటే, అలని కాంప్లెక్స్ నంబర్‌గా, రియల్ భాగం, ఇమాజినరీ భాగం అని రెండు ముక్కలుగా రాస్తాం కదా. తెర మీద రియల్ భాగం సున్నా అయ్యే చోట్లు గీతలుగా ఉంటాయి, ఇమాజినరీ భాగానివి ఇంకో రకం గీతలు. రెండు రకాల గీతలు ఒకే కాగితం మీద గీస్తే ఎక్కడో ఒక చోట దాటుకోకుండా ఉండవు, దాటుకున్న ప్రతి చోటా ఒక పూర్తి సున్నా. మూడు ప్లేన్ వేవ్‌లు మూడు దిశల నుంచి కలిపితే చాలు, వోర్టెక్స్‌లు జల్లెడ కన్నాల్లా వరసగా వచ్చేస్తాయి. లేజర్ పాయింటర్‌ని గరుకు గోడ మీద వేస్తే చుక్కలు చుక్కలుగా మెరుస్తుంది చూడండి, స్పెకిల్ అంటాం, అందులో దాదాపు మెరిసే చుక్కకొక సున్నా చొప్పున ఉంటుంది, సగం ఇటు తిరిగేవి, సగం అటు తిరిగేవి. తెర వెనక్కీ ముందుకీ జరిపితే ఈ చుక్కలన్నీ గాల్లో సన్నటి చీకటి దారాలని తేలుతుంది. ఆ దారాల్ని ముడి కూడా వేయొచ్చని 2001లో బెర్రీ, మార్క్ డెన్నిస్ లెక్క కట్టారు, 2004లో గ్లాస్గో వాళ్లు ల్యాబ్‌లో ముడివేసి చూపించారు.

కావాలని వోర్టెక్స్ తయారు చేయడం ఇప్పుడు పెద్ద కష్టమేం కాదు. మధ్యలో ఒక గీత రెండుగా చీలి ఫోర్క్‌లా ఉండే గ్రేటింగ్ (సన్న గీతల పలక) మీద లేజర్ వేస్తే మొదటి ఆర్డర్‌లో, అంటే పక్కకి విడిపోయే మొదటి బీమ్‌లో, వోర్టెక్స్ బయటికొస్తుంది, 1990లో కీవ్‌లో సోస్కిన్ గ్రూప్ చేసిన పద్ధతి ఇది. ఇప్పుడు ఆ ఫోర్క్ బొమ్మని, పిక్సెల్ పిక్సెల్‌కీ కాంతి ఫేజ్ మార్చగలిగే తెర, ఎస్‌ఎల్‌ఎమ్ మీద కంప్యూటర్ నుంచే వేసేస్తున్నాం. 1992లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో లెస్ అలెన్ వాళ్లు ఇలాంటి లాగెర్ గాసియన్ బీమ్‌లో ప్రతి ఫోటాన్‌కీ ఆ తిరుగుడు అంకె ఇంటూ హెచ్ బార్ (ప్లాంక్ స్థిరాంకాన్ని 2 పైతో భాగిస్తే వచ్చేది) అంత ఆర్బిటల్ యాంగ్యులర్ మొమెంటమ్ ఉంటుందని చూపించాక ఈ ఫీల్డ్ ఒక్కసారిగా పెద్దదైపోయింది, 1995లో క్వీన్స్‌లాండ్‌లో ఆ బీమ్‌తో చిన్న రేణువుల్ని నిజంగానే గిరగిరా తిప్పారు. దీని మీద ఇంటర్నెట్‌లో ఎన్నో ఆర్టికల్స్ ఉన్నాయి కాబట్టి నేను పోలరైజేషన్ దగ్గరికి వెళ్లిపోతా, నేను అసలు చెప్పాలనుకుంటున్నది అదే.

ఇప్పటిదాకా లైట్‌ని ఒకే ఒక్క నంబర్‌లా చూశాం, కానీ లైట్‌కి దిశ కూడా ఉంది. ఎలక్ట్రిక్ ఫీల్డ్ అడ్డంగానూ ఊగుతుంది, నిలువుగానూ ఊగుతుంది (ఏ తీరున ఊగుతోందన్నదే పోలరైజేషన్), ఒక్కో దానికి మళ్లీ రియల్, ఇమాజినరీ. అంటే పూర్తి చీకటి కావాలంటే తెర మీద ఒకే పాయింట్‌లో నాలుగు అంకెలు ఒకేసారి సున్నా అవ్వాలి, రెండు గీతలు దాటుకోవడం సహజం గానీ నాలుగు గీతలు ఒకే చుక్కలో దాటుకోవడం దానంతటది జరగదు. బీమ్ అంతా ఒకే పోలరైజేషన్‌లో ఉంచాం కాబట్టే మన డోనట్ మధ్యలో నలుపు మిగిలింది, బీమ్‌లో పోలరైజేషన్ ఒక్కో చోట ఒక్కోలా కొంచెం మారితే చాలు, అడ్డం భాగం సున్నా ఒక చోటికి, నిలువు భాగం సున్నా ఇంకో చోటికి జరిగిపోతాయి, పూర్తి చీకటి ఎక్కడా ఉండదు. ఇంత గట్టిగా నిలబడే సున్నా అని చెప్పుకున్నది చూస్తుండగానే కరిగిపోయినట్టు అనిపిస్తుంది.

కానీ కరగలేదు. పోలరైజేషన్‌ని అడ్డం, నిలువు అని కాకుండా రైట్ సర్క్యులర్, లెఫ్ట్ సర్క్యులర్ (ఫీల్డ్ కుడి వైపుకి, ఎడమ వైపుకి వృత్తంగా తిరిగేవి) అని విడగొట్టి చూడండి. లెఫ్ట్ భాగం సున్నా అయిన చోట ఉన్నదంతా రైట్ సర్క్యులరే, అక్కడ ఫీల్డ్ కొస ఖచ్చితమైన వృత్తం గీస్తుంది. మిగతా చోట్ల అది దీర్ఘవృత్తం గీస్తుంది, దానికి ఒక పొడుగు అక్షం ఉంటుంది, ఆ అక్షం ఏదో ఒక వైపు చూపిస్తుంది. వృత్తానికి పొడుగు అక్షం ఏది? లేదు. చుట్టూ ఉన్న దీర్ఘవృత్తాల అక్షాలు మాత్రం ఒక రౌండు తిరిగొచ్చేసరికి 180 డిగ్రీలు తిరిగి ఉంటాయి, అక్షానికి ముందు వెనకా తేడా లేదు కాబట్టి 180 తిరిగినా మళ్లీ అదే అక్షం. దీన్నే సి పాయింట్ అంటారు, దీని ఇండెక్స్, అంటే ఎన్ని రౌండ్లు తిరిగిందన్న అంకె, ఒకటి కాదు, అర. రైట్, లెఫ్ట్ సమానంగా ఉన్న చోట్ల దీర్ఘవృత్తం నలిగి గీత అయిపోతుంది, అక్కడ తిరుగుడు ఎటు అన్న ప్రశ్నే ఉండదు, ఆ చోట్లన్నీ కలిస్తే ఎల్ లైన్. 1980ల్లో నై, ఆ తర్వాత హజ్నల్ వీటిని పట్టుకుని శ్రద్ధగా పనిచేశారు.

దీన్ని కొత్తగా వచ్చిన స్టూడెంట్స్‌కి నేను బోర్డు మీద చెప్పను, టేబుల్ మీదే చూపిస్తా. 632.8 నానోమీటర్ల ఎర్ర హీలియం నియాన్ లేజర్ తీసుకుని, రైట్ సర్క్యులర్‌లో మామూలు గాసియన్ బీమ్ (మధ్యలో ఎక్కువ వెలుగుండేది), లెఫ్ట్ సర్క్యులర్‌లో చార్జ్ 1 ఉన్న డోనట్, రెండూ సమానమైన పవర్‌తో, ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేలా కలుపుతాం. తెర మీద చూస్తే ఏమీ ఉండదు, పైన కొంచెం చదునుగా ఉన్న ఎర్రటి మచ్చ, అంతే. చీకటి చుక్క లేదు, రింగు లేదు. ఇప్పుడు దారిలో ఒక పోలరైజర్, అంటే ఒకే దిశలో ఊగే కాంతినే పోనిచ్చేది, పెట్టండి. మచ్చలో మధ్య నుంచి కొంచెం పక్కకి ఒక నల్ల చుక్క వస్తుంది. పోలరైజర్ మెల్లగా తిప్పితే ఆ చుక్క మధ్య పాయింట్ చుట్టూ పరిగెడుతుంది, పోలరైజర్ తిరిగే స్పీడ్‌కి సరిగ్గా రెట్టింపు, మీరు 90 తిప్పితే అది 180, మీరు 180 తిప్పితే అది పూర్తి రౌండు. అది నడిచే దారే ఎల్ లైన్, బీమ్ వెయిస్ట్‌ని (బీమ్ అన్నిటికన్నా సన్నబడిన చోట దాని రేడియస్‌ని) రూట్ 2తో భాగిస్తే ఆ వృత్తం రేడియస్ వచ్చేస్తుంది. అది నడిచినంతసేపూ కదలకుండా మధ్యలో ఉన్నదే సి పాయింట్, అదేమో మంచి వెలుతురులో ఉంది! డోనట్ మధ్యలో ఉండాల్సిన సున్నా ఎక్కడికీ పోలేదు, గాసియన్ వెలుతురు కింద ఉంది, లెఫ్ట్ సర్క్యులర్ మాత్రమే పోనిచ్చేలా ముందు క్వార్టర్ వేవ్ ప్లేట్ (సర్క్యులర్‌ని ఒకే దిశలో ఊగే పోలరైజేషన్‌గా మార్చే పలక) పెడితే డోనట్ నలుపుతో సహా బయటికొస్తుంది.

డోనట్ చార్జ్‌ని మైనస్ 1 చేసి చూస్తే నల్ల చుక్క పోలరైజర్‌కి ఎదురు దిశలో పరిగెడుతుంది. మొదటి దానికి లెమన్ అని పేరు, ఇండెక్స్ ప్లస్ అర, రెండో దానికి స్టార్, మైనస్ అర, ఇంకోటి మాన్‌స్టార్ అని ఉంది, ఇండెక్స్ లెమన్‌ది, ఆకారం స్టార్‌ని పోలింది. లెమన్, స్టార్ ఎలా ఉంటాయో చూడాలంటే మీ వేలిముద్ర చూసుకోండి, గీతలు వంపు తిరిగి వెనక్కొచ్చే చోటు లెమన్, మూడు వైపుల గీతలు వచ్చి త్రిభుజంలా కలిసే చోటు స్టార్, లూప్ రకం ముద్రలో ఒక్కొక్కటి ఉంటాయి, సుడి రకంలో రెండేసి. లెక్క రెండు చోట్లా అదే టోపాలజీ, అంటే వంచినా సాగదీసినా మారని లక్షణాల లెక్క. తెరని వెయిస్ట్ దగ్గర్నుంచి చాలా దూరం తీసుకెళ్తే గూయీ ఫేజ్ (ఫోకస్ దాటి పోతుంటే బీమ్‌కి అదనంగా వచ్చే ఫేజ్) వల్ల ఈ ప్యాటర్న్‌లు తిరుగుతాయి కూడా, లెమన్ అయితే మొత్తం 90 డిగ్రీలు, స్టార్ అయితే 30 మాత్రమే. స్టార్‌కి మూడు కొసలున్నాయి కాబట్టి మూడో వంతు తిరుగుడుతోనే దాని పని అయిపోతుంది. ఈ తేడా చేత్తో లెక్క కట్టి, తర్వాత కెమెరాలో చూస్తే వచ్చే తృప్తి వేరు, కుదిరిన వాళ్లు తప్పకుండా చేయండి.

ఇక్కడ మనవాళ్ల సంగతి ఒకటి చెప్పకుండా పోలేను. రెండు వేర్వేరు పోలరైజేషన్లు ఉన్న బీమ్‌ల మధ్య ఫేజ్ తేడా అంటే ఏంటి, రెండూ ఒకే ఫేజ్‌లో ఉన్నాయని ఎప్పుడు అనాలి, ఈ ప్రశ్నకి 1956లో బెంగళూరులో ఎస్. పంచరత్నం జవాబిచ్చాడు, సీవీ రామన్ గారి మేనల్లుడు, అప్పటికి ఇరవై రెండేళ్ల కుర్రాడు. పోలరైజేషన్‌ని పాయింకేర్ గోళం (ప్రతి పోలరైజేషన్‌నీ ఒక పాయింట్‌గా చూపించే గోళం) మీద తిప్పి మళ్లీ మొదటికి తెస్తే, ఆ దారి చుట్టిన ఘనకోణంలో సగం అంత ఫేజ్ అదనంగా వస్తుందని చూపించాడు. 1984లో బెర్రీ క్వాంటమ్‌లో ఇలా దారి ఆకారం వల్లే వచ్చే జ్యామెట్రిక్ ఫేజ్ గురించి చెప్పాక, 1986లో రామశేషన్, నిత్యానంద ఆ పాత పేపర్‌ని బయటికి తెచ్చారు. పంచరత్నం 1969లోనే ఆక్స్‌ఫర్డ్‌లో ఉండగా చనిపోయాడు, ఈ గుర్తింపు ఏదీ చూడలేదు. 2006లో నేపుల్స్‌లో లొరెంజో మర్రుచ్చి వాళ్లు చేసిన క్యూ ప్లేట్ అనే పలక పనిచేసేది పూర్తిగా ఆ ఫేజ్ మీదే, లెఫ్ట్ సర్క్యులర్ లోపలికి పంపితే రైట్ సర్క్యులర్‌తో పాటు వోర్టెక్స్ బయటికొస్తుంది. ఇవాళ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐటీ ఢిల్లీ, అహ్మదాబాద్ పీఆర్‌ఎల్ (ఫిజికల్ రిసెర్చ్ లాబొరేటరీ) ఇలా మన దేశంలో చాలాచోట్ల సింగ్యులర్ ఆప్టిక్స్ మీద మంచి పని జరుగుతోంది, ఎమ్మెస్సీ ఫిజిక్స్ పిల్లలు ఒకసారి ఆ పేపర్లు తిరగేయండి.

లేజర్ లేని వాళ్లకి ఆకాశం ఉంది. నీలి ఆకాశం వెలుతురు పోలరైజ్ అయి ఉంటుంది, సూర్యుడికి 90 డిగ్రీల దూరంలో ఎక్కువగా. ఆకాశం మొత్తం, అంటే కింది సగం కూడా కలిపి, ఒక గోళం అనుకుంటే దాని మీద పోలరైజేషన్ గీతలు ఎక్కడా లోపం లేకుండా గీయడం కుదరదు, లోపాల ఇండెక్స్‌లన్నీ కూడితే 2 రావాల్సిందే, ఇది టోపాలజీ సిద్ధాంతం. కాంతి ఒక్కసారే చెదిరితే సూర్యుడి దగ్గర ఒక 1, సరిగ్గా ఎదురుగా ఉన్న పాయింట్ దగ్గర ఒక 1, సరిపోయింది. నిజం గాలిలో కాంతి రెండు మూడు సార్లు చెదురుతుంది, ఆ డిస్టర్బెన్స్‌కి ఒక్కో 1 రెండు అరలుగా చీలుతుంది, పైన చార్జ్ 3 వోర్టెక్స్ మూడుగా చీలినట్టే. అంటే మొత్తం నాలుగు న్యూట్రల్ పాయింట్లు, పోలరైజేషన్ లేని చోట్లు. అరాగో 1809లో ఒకటి చూశాడు, బాబినే 1840లో రెండోది, బ్రూస్టర్ 1842లో మూడోది. నాలుగోది నేల మీద నుంచి కనిపించదు, ఎత్తుకి వెళ్లి కిందకి చూడాలి, 2002లో గాబోర్ హోర్వాత్ వాళ్లు హాట్ ఎయిర్ బెలూన్ ఎక్కి చూశారు. రెండేళ్ల తర్వాత బెర్రీ, డెన్నిస్, లీ ముగ్గురూ ఈ నాలుగింటినీ సింగ్యులారిటీలుగా లెక్కలో పెట్టారు. సూర్యాస్తమయం వేళ పడమర వైపు సూర్యుడి పైన సుమారు 20 డిగ్రీల దగ్గర బాబినే పాయింట్, తూర్పున కూడా దాదాపు అంతే ఎత్తులో అరాగో పాయింట్ ఉంటాయి, పోలరైజర్ షీట్ తిప్పుతూ వెతికితే ఎటు తిప్పినా వెలుతురు మారని చోటు అదే. గాల్లో దుమ్ము, పొగ ఎక్కువుంటే ఇంకొంచెం దూరం జరుగుతాయి, వాన వెలిసిన సాయంత్రం అయితే బెస్ట్.

చివరిగా ఫేజ్ సింగ్యులారిటీ, పోలరైజేషన్ రెండూ కలిసి పనిచేయక తప్పని ఒక చోటు, స్టెడ్ మైక్రోస్కోపీ. స్టెఫాన్ హెల్‌కి 2014లో కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా వచ్చింది దీనికే. ఒక బీమ్ ఫ్లోరెసెంట్ అణువుల్ని వెలిగిస్తుంది, ఇంకో డోనట్ బీమ్ రింగు ఉన్న చోటల్లా వాటిని ఆర్పేస్తుంది, మధ్య సున్నా దగ్గర ఉన్నవి మాత్రమే వెలుగుతూ మిగులుతాయి, అందుకే లైట్ వేవ్‌లెంగ్త్ కన్నా చాలా చిన్న వివరాలు కనిపిస్తాయి. ఇక్కడ పని చేసేదంతా సున్నానే, అందులో కొంచెం లైట్ లీకైనా ఉంచాల్సిన అణువులు కూడా ఆరిపోతాయి. హై ఎన్‌ఏ ఆబ్జెక్టివ్ (కిరణాల్ని బాగా వెడల్పు కోణంలో కలిపే మైక్రోస్కోప్ లెన్స్) కింద కిరణాలు బాగా వంగి కలుస్తాయి కాబట్టి ఫీల్డ్‌కి ప్రయాణ దిశలో కూడా ఒక భాగం వస్తుంది. వోర్టెక్స్ తిరుగుడు 1, సర్క్యులర్ పోలరైజేషన్ కూడా అదే వైపుకి 1 అయితే కలిపి 2, అప్పుడు మూడు భాగాలూ మధ్యలో సున్నానే. పోలరైజేషన్ ఎదురు వైపుకైతే 1 లోంచి 1 పోయి సున్నా మిగులుతుంది, ఇక మధ్యలో చీకటి ఉండి తీరాలనే బలవంతం ఆ ప్రయాణ దిశ భాగానికి లేదు, అది వచ్చి సరిగ్గా మధ్యలోనే వెలుగుతుంది. రేడియల్ పోలరైజేషన్ (ప్రతి చోటా మధ్య నుంచి బయటికి ఊగేది) ఉన్న బీమ్ ఫోకస్ చేస్తే మధ్యలో వెలిగేది కూడా ఈ భాగమే, 2003లో ఎర్లాంగెన్‌లో దాన్ని వాడుకునే మామూలు బీమ్ కన్నా చిన్న స్పాట్ సాధించారు, అదే స్టెడ్‌లో అయితే కొంప ముంచుతుంది. కాబట్టి మీ డోనట్ కెమెరా మీద బ్రహ్మాండంగా ఉండి, ఆబ్జెక్టివ్ కింద మాత్రం మధ్యలో నిండిపోతుంటే, ఎస్‌ఎల్‌ఎమ్ ప్యాటర్న్ మళ్లీ మళ్లీ మార్చుకుంటూ కూర్చోకండి, ముందు క్వార్టర్ వేవ్ ప్లేట్‌ని 90 డిగ్రీలు తిప్పి చూడండి.